ఆర్చిబాల్డ్ నై: మద్రాసు ప్రావిన్సు చివరి బ్రిటిష్ గవర్నరు

సర్ ఆర్చిబాల్డ్ ఎడ్వర్డ్ నై (1895–1967) బ్రిటిష్ సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్. 1946 మే 6 నుంచి 1948 సెప్టెంబరు 7 వరకు మద్రాసు ప్రావిన్సు గవర్నరుగా ఉన్నారు. తర్వాత ఢిల్లీలోనూ, ఆపైన కెనడా రాజధాని ఒట్టావాలోనూ బ్రిటన్ హైకమిషనరుగా పనిచేశారు. మద్రాసులో ఆయన పదవీకాలం సరిగ్గా దొరతనం ముగిసి స్వరాజ్యం మొదలైన సంధికాలంలో పడింది. 1947 ఆగస్టు 15 తర్వాత కూడా ఏడాదికి పైగా ఆయన అదే పదవిలో కొనసాగారు. స్వతంత్ర భారతదేశపు ప్రావిన్సుల్లో చిట్టచివరగా పదవి దిగిన బ్రిటిష్ గవర్నరు ఆయనే. నిజాం ఏలుబడిలోని తెలంగాణ పోను మిగిలిన తెలుగు జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రావిన్సులోనివే. కాబట్టి కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లో అధికార మార్పిడి ఎలా జరిగిందో చెప్పాలంటే ఈయన ఉద్యోగ చరిత్ర దాటి వెళ్ళలేం. అయినా తెలుగులో ఆయన గురించి రాసినవారు చాలా తక్కువ. రాజధానిలో అధికారం చేతులు మారిన ఆ రెండేళ్ళలో గోదావరి లంకల్లోని ఒక ఊరికి ఏం మారింది, ఏం మారలేదు అన్నది కూడా ఈ వ్యాసంలో చూద్దాం. ఆ ఊరు రాజోలు తాలూకాలోని సఖినేటిపల్లి.

రేవుకు రెండు పక్కలా

సఖినేటిపల్లి రేవులో నిలబడితే వసిష్ఠ గోదావరికి అవతలి గట్టున నరసాపురం కనిపిస్తుంది. దిగువన అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక ఇవతలి గట్టు తూర్పు గోదావరికి, అవతలి గట్టు పశ్చిమ గోదావరికి చెందాయి. అప్పట్లో సఖినేటిపల్లి వారికి కలెక్టరు కచేరీ కాకినాడలో, తహసీల్దారు రాజోలులో. కానీ సంతకూ సరుకుకూ రేవు దాటితే నరసాపురం. పడవలో పక్క జిల్లాకు వెళ్ళి రావడం ఇక్కడ రోజువారీ సంగతి.

ఆంగ్లేయుల రాకకూ ఈ రేవుకూ సంబంధం ఉంది. నరసాపురాన్ని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెంలో పదిహేడో శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి పెట్టింది. అక్కడి నుంచి ఎగుమతైన నూలుబట్ట ఇంగ్లండులో మాడపొల్లం అనే పేరుతో చెలామణీ అయింది. అంటే బట్టల బేరానికి వచ్చిన తొలితరం దొరలు దిగిన చోట్లలో ఇదొకటి. 1766లో నిజాముతో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కారుల మీద కంపెనీ పెత్తనం స్థిరపడింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన అక్విడక్టు ద్వారా కాలవ నీళ్ళు నగరం దీవికి, అంటే ఇవాళ మనం రాజోలు సీమ అనే ప్రాంతానికి చేరాయి. ఆనకట్ట కట్టిన కాటన్ దొరను గోదావరి జిల్లాలు ఇంకా తలుచుకుంటాయి. ఆ పాలనకు చివరి పేజీ రాసిన గవర్నరు పేరు మాత్రం ఇక్కడ ఎవరికీ తెలియదు.

సార్జంటు కొడుకు

నై 1895 ఏప్రిల్ 23న డబ్లిన్‌లోని ఒక సైనిక శిబిరంలో పుట్టారు. తండ్రి రెజిమెంటు సార్జంటు మేజరు. అధికారుల కుటుంబం కాదు, సిపాయిల కుటుంబం. చదువు డోవర్‌లో, సైనికుల పిల్లల కోసం నడిపే డ్యూక్ ఆఫ్ యార్క్స్ పాఠశాలలో సాగింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే మామూలు సైనికుడిగా చేరారు. మరుసటి ఏడాదే అధికారి హోదా వచ్చి లీన్‌స్టర్ రెజిమెంటులో చోటు దొరికింది. యుద్ధంలో మిలిటరీ క్రాస్ పొందారు. డబ్బున్న ఇళ్ళ కుర్రాళ్ళకే అధికారి హోదా దక్కే ఆ రోజుల బ్రిటిష్ సైన్యంలో ఇది చిన్న విషయం కాదు.

ఆయన జీవితంలో తర్వాతి మలుపును చాలామంది గమనించరు. 1922లో ఐర్లండు స్వేచ్ఛా రాజ్యం కాబోతుండగా, దక్షిణ ఐర్లండు నుంచి సిపాయిలను చేర్చుకునే రెజిమెంట్లను బ్రిటన్ రద్దు చేసింది. వాటిలో లీన్‌స్టర్ రెజిమెంటూ ఉంది. జెండాలు రాజుగారికి అప్పగించేసి, అందులోని అధికారులు వేరే దళాల్లోకి సర్దుకోవలసి వచ్చింది. నై రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటులోకి వెళ్ళారు. తాను పుట్టిన ఊరే తన ప్రభుత్వాన్ని కాదని విడిపోవడం, తాను యుద్ధం చేసిన దళమే దానితో పాటు అదృశ్యం కావడం ఆయన ఇరవై ఏడో ఏట చూశారు. సామ్రాజ్యం వెనక్కి తగ్గడం ఆయనకు ఇండియాలో ఎదురైన కొత్త అనుభవం కాదు. పాతికేళ్ళ తర్వాత మద్రాసులో ఆయన చూపిన నిదానానికి మూలం ఇక్కడే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సైన్యంలో ఉంటూనే న్యాయశాస్త్రం చదివి 1932లో బారిస్టరు అయ్యారు. 1939లో వాయవ్య సరిహద్దులోని నౌషెరాలో బ్రిగేడు అధిపతిగా ఇండియాకు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముదరడంతో 1940లో లండన్ పిలిపించుకుంది. 1941లో బ్రిటిష్ సైన్యాధిపతి జనరల్ డిల్‌ను మార్చాలనుకున్నప్పుడు ప్రధాని చర్చిల్ పరిశీలించిన పేర్లలో నలభై ఆరేళ్ళ నై పేరు కూడా ఉంది. చివరికి ఆ పదవి అలన్ బ్రూక్‌కు దక్కింది. నై ఆయనకు ఉపాధిపతిగా యుద్ధం పూర్తయ్యే దాకా పనిచేశారు.

ఆ కాలపు ఘటన ఒకటి ప్రపంచ ప్రసిద్ధం. 1943లో మిత్రరాజ్యాల సేనలు సిసిలీ మీద దిగాలనుకున్నాయి. దాడి గ్రీసు మీదనీ సార్డీనియా మీదనీ జర్మన్లు నమ్మేలా చేయాలి. బ్రిటిష్ గూఢచారి శాఖ ఒక శవానికి మెరైన్ అధికారి దుస్తులు తొడిగి, తప్పుడు పత్రాలున్న పెట్టె తగిలించి, ఏప్రిల్ 30న స్పెయిన్ తీరంలోని వెల్వా దగ్గర సబ్‌మెరైన్ నుంచి నీళ్ళలో వదిలింది. ఆ పత్రాల్లో అసలైనది జనరల్ అలెగ్జాండర్‌కు నై రాసినట్టున్న ఉత్తరం. గూఢచారులు రాసిన చిత్తుప్రతులేవీ అతకకపోవడంతో, ఇద్దరు జనరళ్ళ మధ్య నడిచే మాటల తీరు ఆయనకే తెలుసని ఉత్తరాన్ని ఆయన చేతే రాయించారు. జర్మన్లు నమ్మారు. జూలైలో సిసిలీ దాడి విజయవంతమైంది. రెండో ప్రపంచ యుద్ధ పుస్తకాల్లో నై పేరు ఎక్కువగా కనిపించేది ఈ సందర్భంలోనే.

మద్రాసుకు రాక

ఆయన వచ్చేనాటి మద్రాసు పరిస్థితి తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. భారతీయులను అడగకుండానే ఇండియాను యుద్ధంలోకి దించినందుకు 1939 అక్టోబరులో రాజాజీ కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 93వ సెక్షను కింద పాలన గవర్నరు చేతికి పోయింది. ఆరేళ్ళకు పైగా శాసనసభ లేదు, మంత్రులు లేరు. ఆ కాలంలో 1940 నుంచి 1946 ఫిబ్రవరి దాకా గవర్నరు సర్ ఆర్థర్ హోప్. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే నెలలో దాడి భయంతో మద్రాసు నగరం చాలావరకు ఖాళీ అయింది, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. ఇన్ని శిస్తులు కట్టించుకునే సర్కారు తమను కాపాడలేదన్న సంగతి తీరప్రాంతపు జనానికి ఆ నెలలో కళ్ళకు కట్టింది. దొరతనం పట్ల జంకు వదలడానికి ఉద్యమాలు ఎంత కారణమో ఆ ఏప్రిలు కూడా అంత కారణం.

1946 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో కాంగ్రెసుకు 163 వచ్చాయి. ఓటు హక్కు ఆస్తి, చదువు ఉన్న కొద్దిమందికే ఉన్న ఎన్నికలవి. ఏప్రిల్ 30న టంగుటూరి ప్రకాశం పంతులు ప్రధానిగా మంత్రివర్గం ఏర్పడింది. ప్రావిన్సుల ముఖ్యమంత్రులను అప్పట్లో ప్రధానులనే అనేవారు. తాత్కాలిక గవర్నరుగా ఉన్న హెన్రీ నైట్ ఆ ప్రమాణం చేయించాక వారం తిరక్కుండానే నై వచ్చారు.

లండన్‌లో అప్పుడు అట్లీ లేబర్ ప్రభుత్వం ఉంది. గవర్నరు పదవులు ప్రభువంశీకులకు ఇచ్చే ఆనవాయితీని అది కొంత సడలించింది. అదే ఏడాది బెంగాలుకు గవర్నరుగా వచ్చిన ఫ్రెడరిక్ బరోస్ రైల్వే కార్మికుడిగా పనిచేసి సంఘం అధ్యక్షుడైన మనిషి. మద్రాసుకు సార్జంటు కొడుకు వచ్చారు. పాలించడం కన్నా అప్పగించడం ముఖ్యమైన పనిగా మారినప్పుడు ఎంపిక చేసే మనుషులు కూడా మారారు.

ప్రకాశం పంతులు, నై

1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసు వీధిలో పోలీసు తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపిన ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు ఒకవైపు, యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యానికి ఉపాధిపతిగా ఉన్న జనరల్ నై మరోవైపు. వీరిద్దరూ కలిసి ప్రావిన్సును నడపాలి. చట్టం ప్రకారం గవర్నరుకు ఇంకా ప్రత్యేక బాధ్యతలున్నాయి. శాంతిభద్రతలు, అల్పసంఖ్యాకుల రక్షణ, ఉన్నతోద్యోగుల హక్కులు వంటి విషయాల్లో మంత్రుల మాట కాదని తానే నిర్ణయం తీసుకోవచ్చు. 93వ సెక్షను కింద మంత్రివర్గాన్నే పక్కన పెట్టవచ్చు.

అప్పటి అతిపెద్ద సమస్య తిండి. 1942లో బర్మా జపాను చేతికి పోవడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. మద్రాసు ప్రావిన్సులోని తమిళ, మలబారు జిల్లాలకు కృష్ణా, గోదావరి డెల్టాల ధాన్యమే దిక్కయింది. మిగులు పండే జిల్లాల నుంచి నిర్ణీత ధరకు ధాన్యం సేకరించి కొరత జిల్లాలకు పంపే బాధ్యత రెవెన్యూ యంత్రాంగం మీద పడింది. కోనసీమ రైతుకు సర్కారు అంటే ఆ రోజుల్లో స్వరాజ్యమా దొరతనమా అన్నది కాదు, లెవీ ధాన్యం కొలిపించుకోవడానికి కళ్ళం దగ్గరికి వచ్చే ఉద్యోగి. బయట బజారులో ఎక్కువ ధర పలుకుతుంటే తక్కువ ధరకు సర్కారుకు పోయవలసి రావడం రైతుకు కష్టంగానే ఉండేది. 1947 చివర గాంధీజీ పట్టుదల మీద దేశమంతటా కంట్రోళ్ళు సడలించారు. ధరలు పెరగడంతో మరుసటి ఏడాదే మళ్ళీ బిగించారు.

1946 ఆగస్టులో మొదలైన దక్షిణ భారత రైల్వే సమ్మె, తెలుగు జిల్లాల్లో పెరుగుతున్న కమ్యూనిస్టు రైతు కూలి సంఘాలు మంత్రివర్గానికి సవాలయ్యాయి. 1947 జనవరిలో ప్రజాశాంతి పరిరక్షణ పేరుతో ఆర్డినెన్సు వచ్చింది. కమ్యూనిస్టు నాయకులు, కార్యకర్తలు పెద్ద సంఖ్యలో అరెస్టయ్యారు. ఆర్డినెన్సు మీద సంతకం గవర్నరుది, నిర్ణయం మంత్రివర్గానిది. అందుకే జనం దాన్ని ప్రకాశం ఆర్డినెన్సు అన్నారు గాని నై ఆర్డినెన్సు అనలేదు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ఎవరు వాడినా ఆక్షేపించదగ్గదే. వలస పాలకులు తయారుచేసి పెట్టుకున్న ఆ పనిముట్టును ప్రజలు ఎన్నుకున్న మంత్రులు మొదటి ఏడాదిలోనే అందిపుచ్చుకున్నారు. తర్వాతి ప్రభుత్వాలు కూడా దాన్ని వదల్లేదు.

గోదావరి జిల్లాలకు ఎక్కువ సంబంధమున్న మరో విషయం పోలవరం దగ్గర తలపెట్టిన రామపాదసాగరం ఆనకట్ట. ఎల్. వెంకటకృష్ణయ్యర్ నాయకత్వంలో ఇంజనీర్లు సర్వేలు చేసి, విదేశీ నిపుణులను పిలిపించి నమూనాలు సిద్ధం చేశారు. ప్రకాశం పంతులు దానికి గట్టి మద్దతుదారు. డబ్బు, నది అడుగున గట్టి పునాది అందకపోవడం, ప్రాధాన్యాలు మారడం వల్ల అది కాగితం దాటలేదు. ఇవాళ్టి పోలవరం ప్రాజెక్టుకు మూలం ఆ కాలపు ఫైళ్ళే.

సొంత పార్టీలోని కలహాలతో ప్రకాశం మంత్రివర్గం 1947 మార్చిలో పడిపోయింది. మార్చి 23న ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రధాని అయ్యారు. పాత రోజుల గవర్నరైతే ఇలాంటి కుమ్ములాటను సాకుగా చూపి పాలన తన చేతికి తీసుకునేవాడు. నై తీసుకోలేదు. శాసనసభ్యులు ఎవరిని ఎన్నుకుంటే వారిని పిలిచారు. ఆయన ఉద్యోగ జీవితంలో పేరు మోసిన ఘట్టం స్పెయిన్ తీరపు ఉత్తరం కావచ్చు. మన ప్రాంతానికి సంబంధించి మాత్రం ఆయన చేసిన గొప్ప పని ఇదే: చేతిలో అధికారం ఉండి వాడకపోవడం.

ఆగస్టు 15

1947 ఫిబ్రవరి 20న అట్లీ 1948 జూనులోగా వెళ్ళిపోతామన్నారు. జూన్ 3 ప్రకటనతో ఆ గడువు ఆగస్టుకు జరిగింది. పంజాబు, బెంగాలు రెండు ముక్కలయ్యాయి. మద్రాసులో విభజన లేదు, అక్కడి మారణకాండ లేదు. ఇక్కడ ప్రశ్న గవర్నరు ఎవరన్నదే. మౌంట్‌బాటెన్‌ను గవర్నర్ జనరలుగా ఉంచుకున్న కాంగ్రెసు నాయకత్వం, బొంబాయిలో సర్ జాన్ కాల్విల్‌ను, మద్రాసులో నైని కూడా కొనసాగమని కోరింది. యునైటెడ్ ప్రావిన్సులకు సరోజినీ నాయుడు వెళ్ళారు. కాల్విల్ 1948 జనవరిలో దిగిపోయారు. నై మిగిలారు.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి మద్రాసు గవర్నరు బంగళాలో మనిషి మారలేదు, పదవి మారిపోయింది. 1935 చట్టాన్ని తాత్కాలిక రాజ్యాంగంగా సవరించిన ఉత్తర్వు గవర్నరు విచక్షణాధికారాలను, ప్రత్యేక బాధ్యతలను తీసేసింది. 93వ సెక్షను రద్దయింది. నిన్నటి దాకా మంత్రివర్గాన్ని తొలగించగల మనిషి ఇవాళ మంత్రుల సలహా మేరకు సంతకం చేసే రాజ్యాంగ అధిపతి. 1948 జూన్ 21న మౌంట్‌బాటెన్ వెళ్ళిపోగా రాజాజీ గవర్నర్ జనరల్ అయ్యారు. ఒకప్పుడు మద్రాసు గవర్నరు కింద ప్రధానిగా పనిచేసిన రాజాజీ పైన, బ్రిటిష్ గవర్నరు కింద. రెండున్నర నెలల పాటు అలా నడిచింది. ఆ కొద్ది కాలమే ఈ అధికార మార్పిడి ఎంత దూరం వచ్చిందో చూపిస్తుంది.

ఆయన పదవిలో ఉండగా వచ్చిన చట్టాలు మద్రాసు సామాజిక చరిత్రలో ముఖ్యమైనవి. దళితులకు దేవాలయ ద్వారాలు తెరిచిన 1947 ఆలయ ప్రవేశ చట్టం వాటిలో ఒకటి. అంతర్వేది నరసింహస్వామి గుడితో సహా ప్రావిన్సులోని ఆలయాలన్నిటికీ అది వర్తించింది. దేవదాసీలుగా బాలికలను సమర్పించడాన్ని నిషేధించిన చట్టం, జమీందారీ ఎస్టేట్లలో శిస్తు తగ్గించిన చట్టం కూడా 1947లోనే వచ్చాయి. జమీందారీ రద్దు బిల్లు కూడా ఆ రోజుల్లోనే సభ ముందుకు వచ్చి 1949లో గవర్నర్ జనరల్ ఆమోదం పొందింది. ఈ చట్టాల ఘనత దశాబ్దాల పాటు పోరాడిన సంస్కర్తలది, వాటిని సభకు తెచ్చిన వారిది. ఆలయ ప్రవేశం, దేవదాసీ నిషేధం దొరతనం మత విషయాల్లో జోక్యం చేసుకోబోమంటూ తప్పించుకున్న పనులు. న్యాయస్థానంలోనూ మార్పు వచ్చింది: 1948 ఏప్రిల్‌లో పి.వి. రాజమన్నార్ మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

చివరి నెలలు హైదరాబాదు సమస్యతో గడిచాయి. 1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య కుదిరిన యథాతథ ఒప్పందం ఆచరణలో నిలవలేదు. రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక తెలంగాణ గ్రామాల నుంచి వేలమంది కృష్ణా జిల్లాకు, పక్క జిల్లాలకు తరలి వచ్చారు. భద్రాచలం తాలూకా అప్పట్లో తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. కాబట్టి కాకినాడ కలెక్టరుకు కూడా నిజాం సరిహద్దు కాపలా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటానికి కోస్తా నుంచి సాయం అందుతోందని మద్రాసు ప్రభుత్వం మలబారు స్పెషల్ పోలీసులను తెలుగు పల్లెల్లోకి దించింది. వారి దాడులను కృష్ణా జిల్లా గ్రామాలు చాలాకాలం మరిచిపోలేదు. నై నిదానస్తుడన్న మంచి పేరు చెప్పుకునేటప్పుడు ఆయన పేరు మీద నడిచిన ప్రభుత్వం చేసిన ఈ పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1948 సెప్టెంబరు 7న భావనగర్ మహారాజు కృష్ణకుమార్‌సిన్హ్‌జీకి పదవి అప్పగించి నై తప్పుకున్నారు. ఆరు రోజుల తర్వాత, 13న, భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు.

ఢిల్లీ, ఒట్టావా

గవర్నరు పదవి నుంచి నై తిరిగి ఇంగ్లండులో విశ్రాంతికి పోలేదు. 1948లోనే ఢిల్లీలో బ్రిటన్ హైకమిషనరుగా నియమితులై 1952 దాకా ఉన్నారు. పాలించిన దేశంలోనే రాయబారి కావడం కొత్త అనుభవం. రిపబ్లిక్ అవుతూనే ఇండియా కామన్వెల్త్‌లో ఉండవచ్చని తేల్చిన 1949 ఏప్రిల్ లండన్ ప్రకటన, కశ్మీరు వివాదం, 1950లో మొదలైన కొరియా యుద్ధంలో నెహ్రూ మధ్యవర్తిత్వ ప్రయత్నాలు, ఇవన్నీ ఆ నాలుగేళ్ళ లోనివి. మద్రాసులో మంత్రుల మాట వినడం అలవాటైన మనిషి కావడం ఢిల్లీలో ఆయనకు పనికొచ్చింది. 1952 నుంచి 1956 వరకు కెనడాలో హైకమిషనరుగా చేశారు. కెనడాతో ఆయనకు పేరుకైనా పాత బంధం ఉంది: రద్దయిన ఆయన పాత లీన్‌స్టర్ రెజిమెంటు పూర్తి పేరులో ‘రాయల్ కెనెడియన్స్’ అన్న మాట ఉండేది. 1967 నవంబరులో లండన్‌లో మరణించారు.

యానాంతో పోలిక

నై పనిని అంచనా వేయాలంటే దూరం పోనక్కర్లేదు. గౌతమి ఒడ్డున, కోనసీమకు ఆనుకునే అప్పటి ఫ్రెంచివారి యానాం ఉంది. చుట్టూ తూర్పు గోదావరి జిల్లాలో మువ్వన్నెల జెండా ఎగిరిన ఏడేళ్ళకు గాని అక్కడ ఫ్రెంచి జెండా దిగలేదు. ఫ్రాన్సు తన స్థావరాలను వదలడానికి సంవత్సరాల తరబడి బేరాలాడింది. దడాల రఫేల్ రమణయ్య వంటి వారి నాయకత్వంలో 1954 జూన్ 13న ఉద్యమకారులు యానాం పాలనను స్వాధీనం చేసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న అధికారం భారత ప్రభుత్వానికి దఖలుపడింది. చట్టబద్ధమైన విలీనం 1962లో పూర్తయింది. ఒకే నది పాయల మధ్య రెండు సామ్రాజ్యాలు రెండు తీర్లుగా వెళ్ళిపోయాయి. వెళ్ళక తప్పదని ముందే ఒప్పుకున్న ప్రభుత్వం, అది తెలిసిన గవర్నరు ఉండడం వల్ల మద్రాసు జిల్లాల్లో అలాంటి ముట్టడి అవసరం పడలేదు.

కరణం లెక్కల్లో స్వరాజ్యం

ఇక సఖినేటిపల్లి సంగతి. అప్పట్లో డెల్టా గ్రామాల్లో ఎక్కువ భాగం రైత్వారీ. రైతుకూ సర్కారుకూ నడుమ జమీందారు ఉండేవాడు కాదు గాని మునసబు, కరణం ఉండేవారు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, చిన్న తగాదాలు తీర్చేవాడు. కరణం అడంగలులో ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో రాసేవాడు. డైగ్లాట్ రిజిస్టరు, పటాలు అతని పెట్టెలో ఉండేవి. వారి కింద తలారి, వెట్టి. పైన ఫిర్కాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, రాజోలులో తహసీల్దారు, కాకినాడలో కలెక్టరు, మద్రాసు చేపాక్‌లో రెవెన్యూ బోర్డు. అందరి పైనా గవర్నరు. కాలవ నీళ్ళు లస్కరు చేతిలో. ఈ నిచ్చెనలో నై ఉన్నది పై మెట్టున. 1947లో కదిలింది ఆ పై మెట్టు ఒక్కటే.

కరణం లెక్కలు ఫసలీ సంవత్సరం ప్రకారం జూలై 1న మొదలయ్యేవి. 1947 జూలైతో 1357 ఫసలీ వచ్చింది. ఆగస్టు 15 అప్పటికే మొదలైన ఆ సంవత్సరంలో పడింది. అడంగలులో గీత గీసి కొత్త లెక్క మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు. అదే శిస్తు, అవే కిస్తులు, అదే జమాబందీ. కరణీకం తండ్రి నుంచి కొడుక్కి వచ్చే హక్కుగానే సాగింది. ఊళ్ళో భూమి లేనివారికి, లంకల్లో కౌలుకు పొగాకు వేసుకునే వారికి, చాకిరీ చేసే వెట్టివారికి ఆ తరహా పాలనలో మార్పు కనిపించడానికి చాలాకాలం పట్టింది. అధికార మార్పిడి సాఫీగా జరిగిందని చరిత్రకారులు మెచ్చుకుంటారు. సాఫీగా జరగడానికి ఒక కారణం, కింది యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకపోవడమే. దీని మంచిచెడ్డలు రెండూ ఒప్పుకోవాలి. పంజాబులో రైళ్ళు శవాలు మోస్తున్న నెలల్లో ఇక్కడ కాలవ నీళ్ళు ఆగలేదు, రేవులో పడవలు ఆగలేదు. అలాగే నిరుపేదకు కరణం ముందు నిలబడే తీరూ మారలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. గ్రామాధికారులు అలాగే ఉన్నారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాజోలు తాలూకా నుంచి విడిపడి సఖినేటిపల్లి మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయి, జిల్లా కేంద్రం కాకినాడ నుంచి అమలాపురానికి వచ్చింది. గవర్నరు నై బంగళాలో ఒక రాత్రిలో జరిగిన మార్పు, వసిష్ఠ ఒడ్డున ఉన్న ఊరిదాకా దిగిరావడానికి, అంటే కరణం పదవి పోవడానికి, ముప్పై ఏడేళ్ళు పట్టిందన్న మాట.

గవర్నర్ల ఉత్తరాలు లండన్‌లోనూ చెన్నైలోనూ భద్రంగా ఉన్నాయి, పరిశోధకులు వాటిని చదివి పుస్తకాలు రాస్తున్నారు. కరణాల పెట్టెలకు ఆ భాగ్యం లేదు. పదవులు పోయాక చాలా కాగితాలు చెదలుపాలయ్యాయి, చిత్తు కాగితాల వాడికి పోయాయి. సఖినేటిపల్లి, అంతర్వేది, మలికిపురం, రాజోలు ప్రాంతాల్లో ఎవరి ఇంటి అటక మీదైనా 1357 ఫసలీ నాటి అడంగలో, లెవీ రసీదో, జమాబందీ లెక్కో మిగిలి ఉంటే దయచేసి పారేయకండి. ఫొటోలు తీయించి, దగ్గరలోని గ్రంథాలయానికో కాలేజీలోని చరిత్ర అధ్యాపకులకో చూపించండి.